మోటార్లు ఆగాక

"మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను. నిజం చెప్పు, డ్రోన్ ఎవరికి అమ్మేశావు?" అన్నాడు బావ.

ఆయన సర్వే ఆఫీసులో డ్రోన్ నడిపేది నేనే. పొద్దున ఫ్యాక్టరీ మీద ఎగరేస్తే మళ్లీ కిందికి రాలేదు. నా మాట ఎలాగూ నమ్మడని, అది పంపుతూ వచ్చిన ఫ్లైట్ లాగ్ తెరిచి చూపించాను.

"ఇదిగో, ఇక్కడ మోటార్లు ఆగిపోయాయి బావా."

"అంటే పడిపోయిందన్నమాట."

"లేదు. ఇంకా పైకి వెళ్లింది."

బావ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మోటార్లు ఆగిన డ్రోన్ తాపీగా రెండు చుట్లు తిరిగి, ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు మీద ఆగింది. మబ్బు పట్టి చలిగాలి వీస్తున్నా లాగ్‌లో దాని ఒళ్లు చల్లబడినట్టు లేదు. వెచ్చగానే ఉంది.

"నా చెవిలో పువ్వులు పెట్టకు," అంటూ బావ నన్ను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లి, తనే ట్యాంకు నిచ్చెన ఎక్కాడు. పైనుంచి రెక్కల చప్పుడు, ఆ వెంటనే ఆయన కేక వినిపించాయి.

దిగి వచ్చేసరికి జుట్టు రేగిపోయి, నుదుటి మీద గోళ్ల గీతలున్నాయి. చేతులు ఖాళీ. తిట్లు తప్పవనుకుని వెనక్కి జరిగాను.

"గట్టిగా మాట్లాడకు," అన్నాడు గుసగుసగా. "గద్ద దాన్ని గూట్లో పెట్టుకుని పొదుగుతోంది."

"మరి రేపటి సర్వే ఎలా బావా? డ్రోన్ పోయిందని చెప్పేయనా?"

బావ నన్ను కసాయివాణ్ణి చూసినట్టు చూశాడు.

"తల్లి దగ్గరున్నదాన్ని పట్టుకుని పోయిందంటావేమిట్రా?"