కలెక్టర్ బదిలీ

తెర మీద బాణం దానంతటదే కదిలింది.

గోపాలకృష్ణ చెయ్యి మౌస్ మీద లేదు. కాయల లోడు దించి బల్ల పక్కన నిలబడ్డ ముసునూరు రైతు ఆరోగ్యం కళ్ళప్పగించి చూస్తున్నాడు.

బాణం మెల్లగా వెళ్ళి, గోపాలకృష్ణ అప్పుడే కొట్టిన ‘కలెక్టర్’ అన్న మాటని చెరిపేసింది. ఆ గడిలో ‘తోతాపురి’ అని పడింది.

“అదేంటండీ గోపాలకృష్ణగారూ! మీ కలెక్టర్ని ట్రాన్స్‌ఫర్ చేసేశారేంటి?” అన్నాడు ఆరోగ్యం.

వరండాలో కూర్చున్న రైతులంతా గొల్లున నవ్వారు.

గోపాలకృష్ణకి తల కొట్టేసినట్టయింది.

నూజివీడు చుట్టుపక్కల తోతాపురి మామిడికాయని ఎవరైనా కలెక్టర్ అనే అంటారు. చెట్టెక్కి కోసేవాడూ అంతే, లారీకి ఎత్తేవాడూ అంతే. ఈ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరిన నాటి నుంచీ గోపాలకృష్ణ అలాగే రాస్తున్నాడు. అతనికి ఈ ఉద్యోగమే లోకం. ఆదివారం సెలవిచ్చినా తోచక వచ్చి గేటు దగ్గర కూర్చునే మనిషి.

యజమాని పాండురంగారావు కంప్యూటరు కొని, దానికి టెలిఫోను లైను తగిలించాక పట్టుకుంది ఈ పీడ. సాయంత్రమయ్యేసరికి ఆ లైనుకి పెట్టిన మోడెం డబ్బా కీచుమని అరుస్తుంది. విజయవాడ కంప్యూటర్ కంపెనీలో ఎవరో కూర్చుని, ఇక్కడి కంప్యూటర్ని అక్కణ్ణుంచే తిప్పుతారు.

ఒక్కోసారి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కూడా కొడతారు.

‘నమస్తే సర్. ఎగుమతి కాగితాల్లో తోతాపురి అనే ఉండాలండి.’

“నూజివీడు వాడికి మామిడికాయ పేరు నేర్పడానికొచ్చాడయ్యా!” అని గోపాలకృష్ణ పళ్ళు నూరేవాడు. ఒక్కనాడూ బదులివ్వలేదు.

ఇవాళ మాత్రం పదిమందిలో నవ్వులపాలయ్యాడు. ఇక ఊరుకునేది లేదనుకున్నాడు.

అదే లైను కాటా గదిలో ఫోనుకి కూడా ఉంది. మోడెం నడుస్తుండగా అక్కడ రిసీవరు ఎత్తితే లైను తెగిపోతుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ ఎత్తొద్దని కంప్యూటర్ పెట్టినవాళ్ళు చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళారు.

మర్నాడు సాయంత్రం మోడెం కీచుమనగానే గోపాలకృష్ణ తాపీగా కాటా గదిలోకి నడిచి, రిసీవరు ఎత్తాడు.

చెవిలో కర్రుమంది. తర్వాత నిశ్శబ్దం.

మళ్ళీ మోడెం అరిచింది. మళ్ళీ ఎత్తాడు. పొద్దు వాలేదాకా అదే ఆట. అతనికి ప్రాణం లేచొచ్చినట్టుంది.

చివరికి ఫోనే మోగింది.

“సర్, నా పేరు షీబా అండీ. విజయవాడ నుంచి. లైను ఊరికే కట్ అయిపోతోంది. అక్కడ ఎవరైనా ఫోన్ ఎత్తుతున్నారాండీ?”

ఓహో, ఆడపిల్లా! గోపాలకృష్ణ గొంతులో తేనె ఒలికింది.

“ఎవరూ లేరమ్మా. గాలివానకి ఇక్కడ లైన్లేవీ బాగోలేవు.”

“పోనీ ఆ ‘కలెక్టర్’ ఒక్కటీ మీరే తోతాపురి అని మార్చేస్తారాండీ? ప్లీజ్ సర్. రేపు పొద్దున్నే కాగితాలు ఓడరేవుకి వెళ్ళిపోతాయి. నాకు మాటొస్తుందండీ.”

“అలాగేనమ్మా. నువ్వు నిశ్చింతగా ఉండు.”

ఫోను పెట్టేసి, కంప్యూటరు ఆపేసి, ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

ఓడరేవులో సరుకు ఆగిపోయింది. గుజ్జు డ్రమ్ముల మీద తోతాపురి, కాగితాల్లో కలెక్టర్. ఆ కలెక్టర్ ఎవరో అక్కడి అధికారులకి అర్థం కాలేదు.

పాండురంగారావు ఆఫీసంతా ఎగిరెగిరి పడ్డాడు.

“లైను పోయిందంటోంది ఆ షీబా. నిజమేనా గోపాలకృష్ణా?”

“నిక్షేపంగా ఉందండీ. నేను ఎప్పట్లాగే కొట్టాను. చూసుకోవాల్సింది వాళ్ళు కదండీ.”

పాండురంగారావు అక్కడికక్కడే విజయవాడకి ఫోన్ చేసి కేకలేశాడు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ గోపాలకృష్ణకి ఒక్కో కేకా మంగళవాద్యంలా వినిపించింది.

అంతటితోనూ కసి తీరలేదు. ఆ పిల్ల మొహం చూడాలి. కలెక్టర్ అంటే ఏంటో ఆమెకి తెలియాలి. ఆగిరిపల్లి తోటలో మంచి కలెక్టర్ కాయలు ఏరి, బుట్టకెత్తించి, విజయవాడ బస్సెక్కాడు.

కంప్యూటర్ ఆఫీసులో తరుణ్ అనే కుర్రవాడు ఎదురొచ్చాడు.

“షీబాగారి సీటు ఎక్కడండీ?”

“ఆమె లేరండీ. నిన్నే తీసేశారు.”

గోపాలకృష్ణ పెదవుల మీదికి వచ్చిన నవ్వుని కండువాతో తుడుచుకున్నాడు. “అయ్యో పాపం! తప్పు ఆమెదేనా?”

“ఏమోనండీ. లైను అస్తమానూ ఎందుకు తెగిందో కనుక్కోమని మేమంటే, ‘వద్దు, ఆ పెద్దాయన మీదికొస్తుంది’ అని తప్పు తన మీదే వేసుకుంది. ఇంతకీ మీరు?”

“నూజివీడు ఫ్యాక్టరీ. గోపాలకృష్ణ.”

తరుణ్ మొహం మారిపోయింది. కుర్చీ జరిపి, “కూర్చోండి సార్,” అన్నాడు మెల్లగా. “మీ ఓనరుగారు ఇంకా మీతో అనలేదాండీ?”

“ఏమనాలి?”

“సోమవారం నుంచి మీ సీట్లోకి కంప్యూటర్ వచ్చినవాళ్ళని ఎవరినో తీసుకుంటున్నారండీ.”

బుట్ట అతని చేతిలోంచి జారి నేల మీద పడింది.

“నన్నా? నన్నెందుకు తీస్తారు? ఇన్నేళ్ళుగా లేనిది ఇప్పుడేం వచ్చింది?”

తరుణ్ బుట్టని తీసి పక్కన పెట్టాడు.

“కంప్యూటర్ పెట్టిన రోజే మిమ్మల్ని తీసేస్తానన్నారండీ మీ ఓనరుగారు. ‘అంత పెద్దాయన ఇప్పుడెక్కడికి పోతాడండీ, ఆయన తప్పులన్నీ రోజూ నేను ఇక్కణ్ణుంచే దిద్దుతాను’ అని పూచీ పడి, ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఆ ఉద్యోగంలో నిలబెట్టింది షీబాయేనండీ.”