బర్కా బావికి పరీక్ష

“బావి మూసేయాల్సిందే దేవయ్యా. మూడో వారం కూడా ఎర్ర లైటే,” అంటూ సూపర్‌వైజర్ మొయినుద్దీన్ అరచేతిలో ఇమిడే నీళ్ల పరీక్ష మిషన్‌ను అతని ముఖం ముందు పెట్టాడు.

దేవయ్య ఆ లైటు వంక చూసి, తోట వంక చూశాడు. ఒమన్‌లోని బర్కాలో ఈ ఖర్జూరం తోటకు ఆరేళ్లుగా నీళ్లు పెడుతున్నది తనే. బావి పోతే తోట పోయినట్టే, రూమ్ ఖాళీ చేయాల్సిందే. రూమ్‌లో ఉంటున్న ఎనిమిది మందినీ కంపెనీ ఇబ్రి సైట్‌కు తోలేస్తుంది. అక్కడ మండుటెండలో కాంక్రీటు మోయాలి. యాభై నాలుగేళ్ల నడుముతో అయ్యే పనేనా అది?

“ఆరేండ్ల సంది తాగుతున్నం మొయిన్ భాయ్. మాకేమన్న అయ్యిందా?”

“సీసం అంత తొందరగా బయటపడదప్పా. పాత పైపుల్లోంచో, చవక ఎర్ర రంగుల్లోంచో నీళ్లలోకి దిగుతాది. పది లోపల ఉండాల. మొదటి వారం పద్దెనిమిది, పోయిన వారం ముప్పై, ఈరోజు అరవై. అర్బాబ్‌కు ఫోన్ చేసి చెప్తాండా.”

“పైపు నిరుడే మార్చినం. బావిల రంగెక్కడిది? నీ మిషనే ఖరాబైంది. అగ్గువకు దొరికిందని తెచ్చినవు.”

మొయినుద్దీన్‌కు రోషం వచ్చింది. ఆ మిషన్ కొనమని అర్బాబ్‌కు, అంటే తోట యజమానికి, చెప్పింది తనే మరి.

“దేవుడి పటాల పక్కన పెట్టుకొని పసిబిడ్డ మాదిరి చూసుకుంటాండావు, ఎట్ల ఖరాబవుతాదప్పా?”

అని ఊరుకోలేదు. షాపులో కొన్న నీళ్ల సీసా సీలు తెంపాడు. మిషన్‌తో పాటు వచ్చిన చిన్న నల్ల గ్లాసును దేవయ్య చేతిలోంచి లాక్కుని, బావి నీళ్లు పారబోసి, సీసా నీళ్లు నింపాడు. రెండు చుక్కల మందు వేసి, మిషన్ పట్టీ ముంచాడు. రెండు నిమిషాలు ఇద్దరూ కళ్లార్పకుండా చూశారు.

తొంభై.

“చూసినవా? దుకాణం నీళ్లు గూడ విషమేనా?” దేవయ్యకు ప్రాణం లేచొచ్చింది.

మొయినుద్దీన్ గ్లాసును మెల్లగా అరచేతిలోకి వంచాడు. నీళ్లన్నీ జారిపోయాక అరచేతిలో ఎర్రటి ముద్ద మిగిలింది.

“ఇదేందప్పా?”

“అంజన్న సింధూరం. కొత్త మిషన్ గద భాయ్, మంచిగ నడవాలని బొట్టు పెట్టిన. బయట పెడితే నీ చేతికంటుతదని గ్లాసు లోపట పెట్టిన,” అన్నాడు దేవయ్య. “మరి నంబర్ పెరుగుతుంటే భయమైతది గద, వారం వారం ఇంకింత పెట్టుకుంట వస్తున్న.”