తీగ కొస

కాస్త దగ్గరికి జరగండర్రా. గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

ఒక ఇల్లాలు ఉండేది. రాగి తీగ మెలితిప్పి, గాజు పూసలు చుట్టి గొలుసులు అల్లేది. భోజనాల బల్లే ఆమె కార్ఖానా. మనింట్లో కంచాల్లో రాళ్ళు పోయి పూసలు తగులుతున్నాయని అత్తగారు దెప్పేది.

ఆమె వినిపించుకునేది కాదు. అల్లినవన్నీ బజార్లో ఒక దుకాణానికి ఇచ్చేది. నాలుగేళ్ళలో ఒక్కటంటే ఒక్క గొలుసు బాగాలేదని తిరిగి రాలేదు. ఆ మాట రోజుకు నాలుగుసార్లు అనకపోతే ఆమెకు తిన్నది అరిగేది కాదు.

ఆ ఏడు పెద్ద పనే తగిలింది. ఒక బడిలో పాటల పోటీ. పాడే పిల్లలు నలభై మందికీ ఒకే రకం గొలుసులు కావాలి. ఇవి నచ్చితే అన్ని బళ్ళ పనీ ఆమెకేనని, ముందు అద్దాల అరలో ఆమె గొలుసులే పెడతానని దుకాణదారు మాటిచ్చాడు.

పదిహేను రోజులు నడుం వంచి అల్లింది. వ్యవధి లేదు కనుక ఈసారి దుకాణానికి తేకుండా ఇంటి నుంచే నేరుగా బడికి పంపమన్నాడు.

పంపాల్సిన రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే ఒక ముసలావిడ. దుకాణం నుంచి వచ్చానంది. గొలుసులు ఒకసారి చూసిపోతానంది.

ఆవిడ మొహం చూడగానే ఇల్లాలు ఒక అడుగు వెనక్కి వేసింది. కింది పెదవంతా పుళ్ళు. ఒకటి పక్కు కడుతుంటే దాని పక్కనే ఇంకొకటి పచ్చిగా మెరుస్తోంది. గోళ్ళ చుట్టూ నలుపు. దుకాణం ఊడ్చే మనిషి కాబోలు అనుకుంది. గుమ్మంలోకి వచ్చిన మనిషిని పొమ్మనలేక బల్ల దగ్గర కూర్చోబెట్టి, మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ముసలావిడ నోట్లో గొలుసు ఉంది.

పెదవుల మధ్య నుంచి పూస తర్వాత పూస లాగుతోంది. మెలిక వచ్చిన చోటల్లా ఆగి నాలుకతో తడుముతోంది. పూస బయటికి వస్తుంటే దానితోపాటు ఉమ్మి సాగి బల్ల మీద పడుతోంది. అప్పటికే తడిసినవి మూడు పక్కన కుప్పగా ఉన్నాయి.

"ఛీ. ఏంటా పని?"

ముసలావిడ తల ఎత్తలేదు. "ఒక్క నిమిషం తల్లీ. సాయంత్రం బండి వచ్చేదాకా కూర్చున్నానంటే అన్నీ అయిపోతాయి."

"అన్నీ నాకేసి పోతావా? పిల్లలు మెళ్ళో వేసుకునేవి. లే ముందు."

"కోప్పడకమ్మా. చేత్తో చూస్తే నాకు..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు. గొలుసు పట్టి గుంజింది. గుంజిన ఊపుకు పెదవి చిట్లి రక్తం వచ్చింది. అది చూసి జాలి పడాల్సింది పోయి ఇంకా రోత పుట్టింది ఆమెకు.

ముసలావిడ చేతిరుమాలుతో పెదవి అద్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడ ముట్టనైనా ముట్టని గ్లాసును ఇల్లాలు చెత్తబుట్టలో పడేసింది.

నలభై గొలుసులూ సబ్బునీళ్ళలో మూడుసార్లు కడిగింది. బల్ల కడిగింది. కుర్చీ కడిగింది. పెట్టె సర్ది బండి ఎక్కించాక దుకాణదారుకు ఫోన్ చేసి, ఆ రోత మనిషి ఉన్న చోట తన సరుకు ఉండదని, ఎవరు కావాలో తేల్చుకోమని చెప్పింది.

అవతల పక్కనుంచి ఎవరో అతనికి ఏదో నచ్చజెప్పడం వినిపించింది. తర్వాత, సరేనమ్మా అన్నాడు.

ఆ రాత్రి ఆమెకు ముద్ద దిగలేదు. తినబోతే ఆ సాగిన ఉమ్మే కళ్ళముందు.

మూడో రోజున గొలుసులు అట్టపెట్టెలో తిరిగొచ్చాయి.

మూత తీసింది. మెలికల్లో పిల్లల వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. కొన్నిటికి ఎండిన రక్తం, దానికి అంటుకుని చర్మం పొట్టు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తన చేతి పని చూసి తనకే డోకు వచ్చింది.

పాట మధ్యలోనే పిల్లలు మెడలు గీరుకున్నారట. ఇద్దరు ఏడుస్తూ దిగిపోయారట. ఆ కబురు అత్తగారే తెచ్చింది. ఈసారి దెప్పలేదు.

పెట్టె చంకన పెట్టుకుని దుకాణానికి పరుగెత్తింది. తీగ నాసిరకం వచ్చిందని, ఇన్నేళ్ళలో ఎన్నడూ ఇలా కాలేదని చెప్పుకొచ్చింది.

దుకాణదారు అంతా విన్నాడు. "తీగ ఎప్పటిదేనమ్మా. మీరు మెలిక అందంగా వేస్తారు. కత్తిరించిన కొసను మాత్రం లోపలికి నొక్కరు. మొదటి రోజు నుంచీ అంతే."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదే?"

అతను వెనక గది వైపు చూశాడు. అక్కడ ఒక పీట, ఒక పట్టకారు తప్ప ఏమీ లేవు.

"ఆవిడ ఉండేది కదా. నలభై ఏళ్ళు తీగ పనిచేసి వేళ్ళు మొద్దుబారిపోయాయి, చేత్తో తడిమితే కొస తెలియదు. అందుకని పెదవితో వెతికి, ఒక్కొక్కటీ నొక్కి, వేడినీళ్ళలో కడిగి నాకిచ్చేది. ఆ పుళ్ళు జబ్బు కాదమ్మా. మీ గొలుసులు గీసినవే."

ఇల్లాలు పెట్టె కింద పెట్టింది. ఆవిడ ఎక్కడ ఉందని అడిగింది.

"తెలీదు. మీరు ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉంది. ఆ గొలుసులు వేయొద్దని బడివాళ్ళకు చెప్పి చూశాను, వేళ మించిందన్నారు. మీ సరుకే వద్దనుకున్నాను నేను. ఆవిడే పడనివ్వలేదు. ఆ పిల్ల చెయ్యి మంచిది, ఇంకో ఏడాదికి కొస నొక్కడం దానంతటదే వస్తుంది, నువ్వు చెప్పావంటే జంకుతుంది అంటూ సంచి సర్దుకుంది."

ఇదర్రా కథ. గుర్తుంచుకోండి, నలుగురికీ చెప్పండి. ఎక్కడైనా పెదవి మీద మానిన గాట్లున్న ముసలావిడ కనబడితే ఆవిడకూ చెప్పండి, ఆ పిల్లకు కొస నొక్కడం వచ్చిందని.