దండ నీడ

“దండ అతికించినట్టుండాది. వేలాడల్ల,” అన్నాడు కృష్ణమూర్తి.

తిరుపతిలో లీలామహల్ సెంటర్ దగ్గర అష్రఫ్ వెబ్ పేజీలు చేసిపెడతాడు. ముసలాయన కృష్ణమూర్తి పొద్దున్నే వచ్చి, భార్య ఫొటో ఇచ్చి, నివాళి పేజీ కావాలన్నాడు. అష్రఫ్ ఆ ఫొటో చూసి కంప్యూటర్లో గీతలతో ఆమె బొమ్మ గీశాడు. మెడలో బంతిపూల దండ, కింద ‘ఆదిలక్ష్మి’ అని పేరు.

“తేదీ ఏం వెయ్యమంటారు పెద్దాయనా?”

“నిన్నటిదే.”

అష్రఫ్ మౌసు వదిలి ఆయన వైపు తిరిగాడు.

“నిన్ననా! ఫోన్ చేసుంటే నేనే ఇంటికి వచ్చేవాణ్ణి కదా.”

“మాటలొద్దు. మధ్యాన్నానికల్లా మెయిలు పోవల్ల. చూసిన మనిషికి గుండె జల్లుమనల్ల.”

“నీడ పడితే నిజం దండ మాదిరే ఉంటాది.”

అష్రఫ్ దండకు ఒకదాని వెనక ఒకటి ఫిల్టర్లు తగిలించాడు. ఒకటి దండ ఆకారాన్ని నల్లగా మసకబార్చేది. రెండోది ఆ మసకను కాస్త కిందికి జరిపేది. పేజీ మళ్లీ తెరిచాడు. పూలు మాయమై, ఆమె మెడలో నల్లటి మరక మిగిలింది.

“పూలు యాడికి పోయినాయి సామీ? నీడ కోసమా నేనొచ్చింది?”

“రెండిటినీ కలిపే ఫిల్టర్ పెట్టడం మరిచినాను.”

కలిపాడు. ఈసారి నీడ పూల మీదికెక్కి కూర్చుంది.

“నీకు పెండ్లయిందా?”

“ఇంకా లేదు.”

“అందుకే. ఏది ముందో, ఏది వెనకో తెలీదు.”

అష్రఫ్ నవ్వాపుకొని వరస మార్చాడు. అడుగున నీడ, దాని మీద పూలు. దండ నిజంగానే వేలాడింది. కృష్ణమూర్తి ముక్కు తెరకు ఆనేంతగా వంగి చూశాడు. కంట్లో చుక్క నీరు లేదు. కొందరికి దుఃఖం గొంతులోనే గడ్డకడుతుందనుకున్నాడు అష్రఫ్.

“ఆ నవ్వు తీసెయ్.”

“ఎందుకు పెద్దాయనా, బాగుండాది కదా?”

“నిన్న కూడా అట్లనే నవ్వింది.”

అష్రఫ్‌కే కళ్లు చెమర్చాయి. పెదవుల గీత సరిచేశాడు. మెయిలు తెరిచి, పేజీ అడ్రసు అందులో పెట్టాడు.

“ఎవరికి పంపల్ల? బిడ్డలకా?”

“బిడ్డల్లేరు.”

“మరి?”

కృష్ణమూర్తి చొక్కా జేబులోంచి మెయిలు అడ్రసు రాసిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆమెకే పంపు, నిన్న కోర్టులో విడాకుల కేసు గెలిచింది కదా, చూసుకోనీ.”