గాలి గొట్టం

"మావాడు ఇంజనుకి పెట్టించిన ఆ గాలి గొట్టం పీకేసి, కంపెనీది బిగించు" అన్నాడు పెద్దాయన, బానెట్ ఎత్తుతున్న మెకానిక్‌తో. అతను ఆయన కొడుక్కి స్నేహితుడే.

కొడుకు జ్వరంతో పోయాక ఆ డీజిల్ కారు ఆయనే నడుపుతున్నాడు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజను బుస్సుమని గాలి పీలుస్తుంటే, వాడు పక్కసీట్లో కూర్చుని ఊపిరి తీస్తున్నట్టే ఉండి, ఆ చప్పుడు భరించలేకపోతున్నాడు.

"అసలు దీనివల్ల పికప్ ఏమైనా పెరిగిందా?"

"డీజిల్ బండికి పెద్దగా పెరగదు బాబాయ్. చప్పుడే ఎక్కువ."

"నేనూ అదే మొత్తుకున్నాను. విన్నాడా వెధవ!"

మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టాడు.

"వాడికీ తెలుసు బాబాయ్. బిగించే ముందే చెప్పాను. 'స్పీడెవడిక్కావాలిరా? నాన్నకి చెవి మందగించింది. నేనొచ్చేదాకా కిటికీ దగ్గర్నుంచి కదలడు. వీధి మలుపులో ఉండగానే నేనొచ్చానని ఆయనకి తెలియాలి' అన్నాడు."

పెద్దాయన వంగి ఆ గొట్టం మీద చెయ్యి వేశాడు.

"తీసేయమంటారా మరి?"

"వద్దురా. నేను నడిచి ఇంటికి పోతాను. కాసేపాగి నువ్వు ఈ బండి మా వీధిలోకి తీసుకురా."