మూడడుగులు వెనక్కి

"ఎవరమ్మా ఆ కుర్రాడు? అందరి ప్రార్థనా అయిపోయింది, తను మాత్రం ఇంకా ఊగుతూనే ఉన్నాడు!"

ఆడవాళ్ల మేడ మీది జాలీలోంచి కిందికి చూస్తూ గొణిగింది మర్సేల్. శనివారం గడపడానికి హైఫా నుంచి యెరూషలేంలోని చెల్లెలింటికి వచ్చిందావిడ. ఈ యూదుల ప్రార్థనా మందిరానికి రావడం ఇదే మొదలు; పక్కనున్న వాళ్లెవరూ ఆవిడకి తెలియదు.

"మా అబ్బాయి నిస్సీం," అంది పక్కనే నిలబడ్డ జోహరా, చూపు తిప్పకుండా.

"నీ కొడుకా! ఏమీ అనుకోకు గానీ, మన మొరాకో వాళ్లం దేవుడి ముందు నిటారుగా నిలబడతాం. ఈ ఊగుడు ఎక్కడ నేర్చాడు?"

"ఎవరూ నేర్పలేదక్కా."

నిస్సీం పాదాలు రెండూ దగ్గరగా చేర్చి, ముందున్న బల్ల అంచు పట్టుకుని ఊగుతున్నాడు. చెవుల వెనక నుంచి చెమట కారి ప్రార్థన శాలువాలోకి ఇంకుతోంది. మౌన ప్రార్థన ముగించినవాడు మూడడుగులు వెనక్కి వెయ్యాలి. మిగతా మగవాళ్లు ఎప్పుడో వేసేశారు. అతని వెనక వరసలోని వాళ్లు పక్కకు జరిగి చోటిచ్చారు. ప్రార్థన నడిపించే షల్తియేల్ గొంతెత్తకుండా అతని వంకే చూస్తున్నాడు.

"చూడు, ఆ పెద్దాయన్ని కూడా ఆపేశాడు. ఈ భక్తి దేవుడి కోసమా, మనం చూడ్డం కోసమా?"

జోహరా చెంపలు వేడెక్కాయి. "వాడు ఎవరి కోసం నిలబడ్డాడో వాడికి తెలుసు. నువ్వు నీ పుస్తకం చూసుకో."

"అబ్బో, ఎంత గర్వం!"

"అవును, గర్వమే. ఈ పూట నన్ను గర్వపడనీ."

వెనక నుంచి ఎవరో 'ష్' అన్నారు. కింద ఒక్కరూ దగ్గలేదు, పేజీ తిప్పలేదు.

నిస్సీం బల్ల వదిలేశాడు. ఎడమ పాదం వెనక్కి జరిగింది. ఆగాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. కుడి పాదం. జోహరా వేళ్లు జాలీలో బిగుసుకున్నాయి. మళ్లీ ఎడమ పాదం.

ఎడమకీ, కుడికీ, ఎదురుగానూ తల వంచాడు. షల్తియేల్ కళ్లు తుడుచుకుని ప్రార్థన అందుకున్నాడు.

"ఇంతసేపూ ఈ మూడడుగులకేనా?" అని నిట్టూర్చింది మర్సేల్.

జోహరా ఈసారి ఆవిడ వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు.

"అవునక్కా, వీటికే."

లారీ గుద్ది చక్రాల కుర్చీ పాలైన పదకొండు నెలల తర్వాత నిస్సీం వేసిన మొదటి అడుగులవి.