స్తంభిని

“స్తంభిని!”

రెండో తరగతి టీచర్ స్కేలు ఎత్తి అరవగానే పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పెన్సిల్ కొరుకుతున్నవాడు నోట్లో పెన్సిల్‌తోనే, పక్కపిల్ల జడ లాగుతున్నది చేతిలో జడతోనే బిగుసుకుపోయారు. అప్పటిదాకా చేపల మార్కెట్‌లా ఉన్న గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. పక్కన పెద్ద టీచర్ గదిలో తలుపు బాగుచేయడానికి అప్పుడే వచ్చిన వడ్రంగి ఈలపాట మాత్రం గోడ దాటి హాయిగా వినిపిస్తోంది.

టీవీలో వచ్చిన ఒక అంతరిక్షం సీరియల్లో, శత్రువుని నిలబడ్డచోటే బొమ్మని చేసే తుపాకీ పేరది. సీరియల్ అయిపోయింది గానీ పేరు పోలేదు. లిఫ్టు ఆగితే స్తంభిని పడిందంటారు. కంప్యూటర్ మొరాయిస్తే స్తంభిని. పెళ్ళాం అడిగినదానికి నోరు పెగలని మొగుడికీ స్తంభినే. మాట దొరికింది కదా అని జనం దేనికి పడితే దానికి అతికించేస్తున్నారు. టీచర్ కూడా అంతే. గొంతు చించుకోవడం కన్నా ఇదే సుఖమనుకుంది. “పిల్లల్ని బొమ్మల్లా నిలబెట్టడమేంటమ్మా? ఏదైనా అయితే ఎవరిది పూచీ?” అని పెద్ద టీచర్ ఒకసారి మందలించింది కూడా.

“విడుదల!” అంది టీచర్.

మళ్ళీ చేపల మార్కెట్ మొదలైంది. కిటికీ పక్కన కూర్చున్న ఒక్క పిల్ల మాత్రం కదల్లేదు.

ఆ పిల్లని అందరూ ఛాంపియన్ అంటారు. ఈ ఆటలో దాన్ని ఓడించినవాళ్ళు లేరు. చక్కిలిగింతలు పెట్టినా నవ్వదు.

“నువ్వే గెలిచావమ్మా ఛాంపియన్. ఇక చాలు, విడుదల.”

ఉహూఁ. రబ్బరు పిడికిట్లో నొక్కి పట్టుకుని గోడకేసి చూస్తోంది. టీచర్ చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా తగిలింది. కొంపదీసి ఫిట్సా?

“మీరు స్తంభిని అనకముందే ఆగిపోయింది టీచర్,” అన్నాడు వెనక బెంచీవాడు.

“నువ్వూరుకోరా!”

టీచర్ పక్కగదిలోకి పరుగెత్తింది. సంగతి వింటూనే పెద్ద టీచర్ ముఖం మాడ్చుకుంది. “చెప్తే విన్నావా? ఇప్పుడు వాళ్ళవాళ్ళకి ఏం చెప్తావు?”

వాళ్ళవాళ్ళు అక్కడే ఉన్నారు. వడ్రంగి ఆ పిల్ల తండ్రే. క్లాసు పిల్లలందరికీ చెక్కతో బొమ్మ స్తంభినులు చేసి ఊరికే పంచిపెట్టిన మంచి మనిషి. చేతులకంటిన రంపపు పొట్టు దులుపుకుంటూ వచ్చాడు.

“కంగారు పడకండి టీచర్. ఆటే కదా,” అని కూతురి పక్కన గొంతుక్కూర్చుని, తలమీద చెయ్యి వేసి మెత్తగా అన్నాడు. “విడుదల, తల్లీ.”

పిల్ల రెప్ప కూడా ఆడించలేదు. ఊపిరి తీస్తోందో లేదో కూడా తెలియలేదు.

“ఇంట్లోనూ ఇంతేనండీ,” అని నవ్వేశాడాయన. “ఒకసారి బిగుసుకుందంటే వాళ్ళమ్మ రావాల్సిందే. రోడ్డవతల కుట్టు దుకాణంలో ఉంటుంది.”

“నవ్వులాటా అయ్యా? ముందు వెళ్ళి బండి తీసుకురా, ఆస్పత్రికి తీసుకెళ్దాం,” అని కసిరింది పెద్ద టీచర్. ఆయన వెళ్ళాడు. తల్లికి కబురు పంపారు.

టీచర్ పిల్ల వీపు రాస్తూ కూర్చుంది. ఉద్యోగం పోతే పోయింది, పిల్ల కదిలితే చాలు. జన్మలో మళ్ళీ ఆ పాడు మాట నోటెంట రానివ్వను. నిన్నటిదాకా నవ్వుతూ అన్న మాటే ఇప్పుడు నిజం తుపాకీలా భయపెట్టింది. పిల్లలు కూడా గోడకంటుకుని నిలబడ్డారు.

మెడలో కొలతల టేపుతోనే తల్లి పరుగున వచ్చింది.

“ఆయనేరీ?”

“బండి కోసం వెళ్ళారమ్మా. చూడండి, ఎంత పిలిచినా పలకడం లేదు...”

తల్లి బెంచీ మీద కూర్చుని, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది.

పిడికిలి విడింది. రబ్బరు కిందపడి దొర్లింది. పిల్ల పెద్దగా ఊపిరి తీసి తల్లి ఒళ్ళోకి ఒరిగిపోయింది.

టీచర్‌కి ఏడుపు ఆగలేదు. “ఏం మంత్రం వేశారమ్మా?”

“మంత్రమేముందండీ. విడుదల అన్నాను, అంతే.”

“తప్పంతా నాదేనమ్మా. ఆ ఆట ఆడించింది నేనే.”

“అయ్యో, మీ తప్పేం లేదండీ,” అంది తల్లి గబగబా, టీచర్ ముఖంకేసి చూడకుండానే. పిల్లకి మంచినీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళింది.

“ఆ టీవీలన్నీ తీసుకెళ్ళి తగలెయ్యాలి,” అని గొణుక్కుంటూ పెద్ద టీచర్ కూడా వెళ్ళిపోయింది.

గండం గడిచింది. టీచర్ కళ్ళు తుడుచుకుని పిల్లని దగ్గరకి తీసుకుంది.

“నా ప్రాణాలు పోయాయి కదే బంగారం! మేమందరం విడుదల అనే అన్నాం. అమ్మ అంటేనే కదిలావేం?”

“అమ్మ విడుదల అనలేదు టీచర్.”

“మరేమంది?”

ఛాంపియన్ ఒకసారి తలుపుకేసి చూసి, టీచర్ చెవిలో చెప్పింది.

“నాన్న వెళ్ళిపోయాడంది.”